ర్యాలీ రోడ్‌స్టర్‌తో గ్రూప్ రైడ్: గేర్లు నిలబెట్టాయి, బ్రేకులు హద్దు గీశాయి

రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, వెనుక చక్రం నడిమి గుల్లలో, అంటే హబ్‌లో, మూడు గేర్లు ఉన్న పాత ర్యాలీ కంపెనీ రోడ్‌స్టర్ సైకిల్‌ను కొంతకాలంగా హైదరాబాద్‌లో వారాంతపు గ్రూప్ రైడ్లకు తీసుకువెళ్తున్నాను. పాత సైకిళ్ల అందం గురించీ వాటితో ముడిపడిన జ్ఞాపకాల గురించీ చదవడానికి చాలా దొరుకుతుంది. తేలికైన కొత్త సైకిళ్ల గుంపులో ఇటువంటి సైకిల్ ఎలా నడుస్తుంది, ఎక్కడ వెనకబడుతుంది, తోటివాళ్లకు ఇబ్బంది కలగకుండా నడపాలంటే ఏం చేయాలి అన్న సంగతులు మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. నా అభిప్రాయం ముందే చెబుతాను. గంటకు 18 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో సాగే గుంపులో ఈ సైకిల్ నిశ్చింతగా కలిసిపోతుంది, అందుకు కారణం దాని హబ్. వాన పడే రోజున దాన్ని గుంపులోకి తీసుకురాకూడదు, అందుకు కారణం దాని బ్రేకులు.

ర్యాలీ అన్నది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఒక వీధి పేరు. ఆ వీధిలోని చిన్న సైకిల్ కార్ఖానాను చేతిలోకి తీసుకున్న ఫ్రాంక్ బౌడెన్ 1888లో దాన్ని కంపెనీగా స్థాపించాడు. మన దేశంలో ఆసన్‌సోల్‌లోని సేన్-ర్యాలీ కర్మాగారం ఇదే పేరుతో సైకిళ్లు తయారు చేసింది. చెన్నై దగ్గర అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ హెర్క్యులిస్ సైకిళ్లను, ఆ తర్వాత సోనీపత్ నుంచి అట్లాస్, లుధియానా నుంచి హీరో అదే నమూనా సైకిళ్లను ఊరూరికీ చేర్చాయి. అందువల్ల నిటారైన హ్యాండిల్, నిండు మడ్‌గార్డులు, నల్లరంగు గల ఈ ఆకారం తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసినదే. అయితే మన ఊళ్లలో తిరిగిన రోడ్‌స్టర్లలో అత్యధికం ఒంటి గేరువి. ఒంటి గేరు రోడ్‌స్టర్‌కూ మూడు గేర్ల రోడ్‌స్టర్‌కూ చూపులో పెద్ద తేడా కనిపించదు కానీ, గుంపుతో కలిసి ఒక ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు అవి రెండూ వేరు వేరు వాహనాలే అనిపిస్తుంది.

నా సైకిల్‌లో ఉన్నది స్టర్మీ-ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ రకం హబ్. ఈ రకం 1936లో మొదలైంది, సైకిల్ చరిత్రలో ఇంత కాలం నిలిచిన యంత్రభాగాలు తక్కువ. హబ్ పైభాగాన తయారీ సంవత్సరాన్ని సూచించే అంకెలు ముద్రించి ఉంటాయి, నా దాని మీద 56 అని ఉంది. చక్రం తర్వాత ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు కాబట్టి ఆ అంకెలను బట్టే సైకిల్ వయసును తేల్చడం సరికాదు, కానీ హబ్ వయసు మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. లోపల ఇరుసుకు కదలకుండా బిగించిన 20 పళ్ల చక్రం ఉంటుంది. దాని చుట్టూ చిన్న చక్రాలు తిరుగుతాయి, వాటన్నిటినీ చుట్టి 60 పళ్ల వలయం ఉంటుంది. ఈ అమరిక వల్ల రెండో గేరులో చైన్ తిప్పే వెనుక పళ్ల చక్రం, వెనుక చక్రం ఒకే వేగంతో తిరుగుతాయి. మూడో గేరులో వెనుక చక్రం మూడింట ఒక వంతు ఎక్కువ తిరుగుతుంది, మొదటి గేరులో నాలుగింట ఒక వంతు తక్కువ తిరుగుతుంది. ఇదంతా మూసిన గుల్లలోపల జరుగుతుంది కాబట్టి దుమ్ము, బురద తగలవు. కొన్ని చుక్కల పలుచని నూనెను హబ్ మీది చిన్న మూత తెరిచి అప్పుడప్పుడు వేస్తూ ఉంటే చాలు.

గుంపులో నడిపేటప్పుడు ఈ హబ్ చేసే మరో మేలు ఉంది. ముందువాళ్లు హఠాత్తుగా ఆగితే కొత్త సైకిల్ వాళ్లు ఆగేలోపే గేరు తగ్గించుకోవాలి, లేకపోతే మళ్లీ బయలుదేరడానికి కష్టపడాలి. ఈ హబ్‌లో మాత్రం సైకిల్ నిలిచి ఉండగానే హ్యాండిల్ మీది గేరు మీటను, అంటే ట్రిగ్గర్‌ను, నొక్కి మొదటి గేరుకు రావచ్చు. కూడళ్లు ఎక్కువగా ఉన్న నగరపు దారిలో దీని విలువ ఎంతో తెలుస్తుంది. దీనికి ఉన్న ప్రసిద్ధమైన లోపాన్ని కూడా చెప్పాలి. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ చోటు ఒకటి ఉంది. గేరు తీగ సర్దుబాటు తప్పితే హబ్ ఆ చోటికి జారిపోతుంది, పెడల్ మీద నిలబడి తొక్కుతున్న మనిషి కాళ్లు ఒక్కసారిగా గాలిలో తిరుగుతాయి. గుంపు మధ్యలో ఇలా జరిగితే వెనుకవాళ్లకు కూడా ప్రమాదం. ఇరుసు చివర కనిపించే సన్నని గొలుసును చూసి తీగ బిగువును సరిచూడడం రెండు నిమిషాల పని. రెండో గేరులో ఉన్నప్పుడు ఇరుసులోపలి కడ్డీ భుజం ఇరుసు చివరతో సమంగా ఉండాలి. ప్రతి రైడ్‌కు ముందు ఇది చూడకుండా బయలుదేరకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక లెక్కలు చూద్దాం. ముందు 46 పళ్లు, వెనుక 18 పళ్లు ఉండే అమరికలో నిమిషానికి 60 సార్లు తొక్కితే రెండో గేరులో గంటకు 20 కిలోమీటర్లకు కొంచెం పైన, మూడో గేరులో 27 కిలోమీటర్లకు పైన వేగం వస్తుంది. ఇరవై కిలోల బరువున్న సైకిల్ మీద నిటారుగా కూర్చుని, ఎదురుగాలిని ఛాతీతో మోస్తూ 27 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టగల మనిషి అరుదు, అంటే ఆ అమరికలో మూడో గేరు పల్లంలో తప్ప ఉపయోగపడదు. నేను వెనుక 20 పళ్ల చక్రం వేయించాను. ఇప్పుడు అదే తొక్కుడుకు మొదటి గేరులో సుమారు 14, రెండో గేరులో 18 పైచిలుకు, మూడో గేరులో 24 పైచిలుకు వస్తుంది. మూడు గేర్లూ పనిలోకి వచ్చాయి. ఈ సైకిల్ మీద పెట్టిన ఖర్చులన్నిటిలో అతి చిన్నదీ, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినదీ ఈ మార్పే. ఎత్తులు ఎక్కువగా ఉండే దారులకు 22 పళ్ల చక్రం కూడా ఆలోచించదగ్గదే.

సమతలం మీద సాగుతున్నంతసేపు బరువు అంతగా తెలియదు. ఆగి బయలుదేరినప్పుడూ ఎత్తు ఎక్కినప్పుడూ తెలుస్తుంది. కూడలి దాటాక కొత్త సైకిళ్లు నాలుగు తొక్కుల్లో వేగం అందుకుంటాయి, రోడ్‌స్టర్‌కు అంతకు రెండింతలకు పైగా పడుతుంది. అందువల్ల ప్రతి కూడలి దగ్గరా ఒక ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని పూడ్చడానికి ప్రయాసపడితే గంటలోపే అలసిపోతాం, కాబట్టి కూడలి దాటాక కాసేపు నెమ్మదిగా సాగుదామని గుంపు నాయకుడితో బయలుదేరేముందే మాట్లాడుకోవడం మేలు. ఎవరినీ వెనక వదిలిపెట్టని రైడ్ అని ప్రకటించిన వాటికే ఈ సైకిల్‌తో వెళ్లాలి. వరుసలో ముందువాళ్ల గాలిచాటున సాగితే నిటారుగా కూర్చున్న మనిషికి దక్కే లాభం వంగి కూర్చున్న వాళ్లకన్నా ఎక్కువ, కానీ ఆ గాలిచాటు కోసం ముందు చక్రానికి మరీ దగ్గరగా వెళ్లకూడదు. ఎందుకో బ్రేకుల సంగతి చెబితే అర్థమవుతుంది.

రాడ్ బ్రేకులో తీగ ఉండదు. హ్యాండిల్ మీది లివర్‌ను నొక్కితే కడ్డీలు పైకి లాగుతాయి, బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి అంచుకు, అంటే హబ్ వైపు ఉన్న ముఖానికి, వచ్చి తగులుతాయి. కీళ్లన్నీ బిగువుగా ఉండి, రిమ్ము బెండు తీసి ఉంటే, పొడి రోడ్డు మీద ఈ బ్రేకు మృదువుగా, ముందే ఊహించగలిగేలా పనిచేస్తుంది. తీగ తెగే భయం లేదు. కీళ్లు వదులైతే మాత్రం లివర్ సగం దూరం ఖాళీగా నడుస్తుంది. ఎంత బాగా సర్దినా ఇది డిస్క్ బ్రేకుకు సాటి రాదు. ముందున్న సైకిల్ డిస్క్ బ్రేకుతో ఆగగలిగిన దూరంలో రోడ్‌స్టర్ ఆగలేదు, దాని బరువే దాన్ని ముందుకు తోస్తుంది. అందుకే గుంపులో దీని స్థానం చివర లేదా అంచున ఉండాలి. ముందు సైకిల్‌కూ దీనికీ మధ్య కనీసం రెండు సైకిళ్ల నిడివి వదలాలి. చెయ్యి చాచి సైగ చేయడంతోపాటు గట్టిగా పిలిచి చెప్పడం కూడా అలవాటు చేసుకోవాలి.

తడిసిన క్రోమియం పూత ఉక్కు రిమ్ము మీద రబ్బరు దాదాపు పట్టదు. చక్రం అనేక చుట్లు తిరిగి నీరు తుడుచుకుపోయాక గాని బ్రేకు పనిచేయడం మొదలుపెట్టదు, పల్లంలో అంత వ్యవధి ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం మబ్బుగా ఉన్న తెల్లవారుజామున నేను ఈ సైకిల్‌ను ఇంటి దగ్గరే ఉంచుతాను. ఒంటరిగా వెళ్తే ఆ ప్రమాదం మన ఒక్కరిదే. గుంపులో అది ముందున్న మనిషి వెన్నుకు తగిలేది, ఇతరులను ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకు లేదు.

చక్రాల విషయంలో మాత్రం మన దేశంలో ఉండడం అదృష్టమనే చెప్పాలి. 28 అంగుళాల ఒకటిన్నర కొలత టైర్ల కోసం వెతుకులాడవలసిన పని లేదు, ఇక్కడ ఇంకా రోడ్‌స్టర్లు అమ్ముడవుతున్నందున మండల కేంద్రంలోని సైకిల్ షాపులో కూడా టైరూ ట్యూబూ దొరుకుతాయి. అయితే తోటివాళ్ల సంచుల్లో ఉండే, కొత్త సైకిళ్ల 700సీ కొలత సన్నని ట్యూబుల మీద ఆధారపడకూడదు, అవి ఈ వెడల్పు టైరుకు ఉద్దేశించినవి కావు. సొంత ట్యూబు, వాల్వులోని రబ్బరు గొట్టం ముక్క, ఇరుసు నట్టుకు సరిపడే స్పానర్ వెంట ఉండాలి. వెనుక చక్రం పంచరైతే దాన్ని ఊడదీయవలసిన పని లేదు. గేరు గొలుసు, నిండు చైన్ కవర్, కడ్డీలు విప్పి మళ్లీ బిగించడానికి అరగంట పడుతుంది, ఆలోగా గుంపు సహనం నశిస్తుంది. మన పంచరు షాపులవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నట్లు టైరును ఒక పక్క మాత్రమే లేపి, ట్యూబును బయటికి లాగి, చక్రం సైకిల్‌కు ఉండగానే అతుకు వేయడం నేర్చుకోవాలి. ఈ పద్ధతి చూసి కార్బన్ సైకిళ్లవాళ్లు ఆగి మరీ గమనించడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

తోలు సీటు గురించి ఎక్కువ చెప్పను. బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్రూక్స్ 1866 నుంచి ఉన్న సంస్థ, స్ప్రింగుల తోలు సీటు ఒకసారి శరీరానికి అలవాటుపడితే దానికి మించినది లేదు, తడవనివ్వకూడదు. దీపాల విషయంలో జాగ్రత్త కావాలి. డైనమో వెలుగు చక్రం ఆగగానే ఆరిపోతుంది, చీకటిలో కూడలి దగ్గర నిలిచిన గుంపులో చివరి సైకిల్‌కు వెనుక దీపం లేకపోవడం ప్రమాదకరం. వెనుక బ్యాటరీ దీపం తప్పనిసరి, పాత రూపం చెడుతుందన్న బాధ ఇక్కడ పనికిరాదు.

దారి ఎంపిక మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఈ సైకిల్‌కు చక్కగా సరిపోతుంది. మోటారు వాహనాలు, కూడళ్లు తక్కువ కాబట్టి ఆగి బయలుదేరే శ్రమ తగ్గుతుంది, నీడ ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ సాగడానికి వెడల్పు ఉంటుంది. గండిపేట వైపు దారులు కూడా తెల్లవారుజామున బాగుంటాయి, గతుకుల మీద పొడవైన ఫోర్కు, వెడల్పు టైర్లు ఇచ్చే సుఖం కొత్త రేసింగ్ సైకిళ్లకు లేదు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల రైడ్‌కు మాత్రం దీన్ని సిఫారసు చేయను. ఎక్కడం ఎలాగో నడిపించుకుంటూనైనా అవుతుంది, దిగడానికి ఆ బ్రేకుల మీద నాకు నమ్మకం లేదు.

ఇటలీలోని గయోలే ఇన్ కియాంతిలో 1997లో 92 మందితో మొదలైన లెరోయికా అనే పాత సైకిళ్ల రైడ్‌లో 1987కు ముందు నాటి రేసింగ్ సైకిళ్లు ప్రధానం. గేరు లివర్లు ఫ్రేము కిందిగొట్టం మీద ఉండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ బయట కనిపించాలి అన్న నియమాలు ఉన్నాయి. అందరివీ ఒక కాలపు సైకిళ్లే అయితే వేగాల మధ్య అంతరం తగ్గుతుంది, బ్రేకులు కూడా ఒకే తరహావి అవుతాయి. మన నగరాల్లో కూడా రోడ్‌స్టర్లు ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలిసి సాధారణ రైడ్‌లోనే చివర ఒక చిన్న వరుసగా సాగితే ఇదే సౌకర్యం దొరుకుతుంది. నేను ఎక్కువ ఆనందించిన రైడ్లు అటువంటివే.

మరమ్మతు చేయించేవారికి ఒక హెచ్చరిక. నా సైకిల్‌ను మొదట అప్పగించిన షాపులో పాత రంగంతా గీకి కొత్త నల్లరంగు కొట్టడానికి ఉత్సాహం చూపారు గాని, పెడళ్లను మోసే క్రాంకు కడ్డీలను పట్టి ఉంచే కాటర్ పిన్నులను సుత్తితో కొట్టి వంచి, వదులుగానే బిగించి పంపారు. రంగు పని ఆగవచ్చు, పిన్నుల పని ఆగకూడదు. అసలు రంగు, బంగారు గీతలు ఎంత మాసినా నూనెగుడ్డతో తుడిచి అలాగే ఉంచడం మంచిది, ఖర్చంతా బేరింగులు, రిమ్ములు, బ్రేకు కీళ్ల మీద పెట్టాలి. కొత్త పిన్నులను ఒత్తిడితో దింపి, మొదటి రెండు మూడు రైడ్ల తర్వాత నట్టును మళ్లీ బిగించాలి.

కొనేటప్పుడు ఫోర్కు వెనక్కి వంగిందా, కింద గొట్టం కలిసేచోట రంగు ముడతలు పడిందా అని ముందు చూడాలి. అవి రెండూ పాత ఢీకొట్టడానికి గుర్తులు, అటువంటి ఫ్రేమును గుంపులో నమ్మలేం. తర్వాత మూడు గేర్లూ పట్టుతున్నాయో లేదో తొక్కి చూడాలి. తుప్పు పట్టిన హబ్ నూనెతో తేరుకోవడం సామాన్యమే, పైగా స్టర్మీ-ఆర్చర్ 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్లిన తర్వాత కూడా మూడు గేర్ల హబ్‌లు, ట్రిగ్గర్లు తయారవుతున్నాయి కాబట్టి అక్కడ భయపడనవసరం లేదు. క్రాంకు బేరింగు కప్పులను మాత్రం జాగ్రత్తగా పరీక్షించాలి. నాటింగ్‌హామ్ ర్యాలీల కప్పుల మీద అంగుళానికి 26 మర చుట్లు ఉంటాయి, తక్కిన బ్రిటిష్ సైకిళ్లకు 24. షాపువాళ్లు చేతికి దొరికిన కప్పును బలవంతంగా తిప్పి ఉంటే గుల్లలోని మర చుట్లు అరిగిపోయి ఉంటాయి. బ్రిటిష్ సైకిళ్ల కాటర్ పిన్ను 9.5 మిల్లీమీటర్లది, 9 మిల్లీమీటర్లది కూడా బజారులో ఉంది, కాబట్టి కొలిచి చూసి, సరైనవి దొరికినప్పుడే రెండు జతలు అదనంగా కొని పెట్టుకోవాలి.