న్యూజిలాండ్‌లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఊళ్లు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాల మీద ప్రేమతో న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు ముందే ఒకటి తెలుసుకోవాలి. తెర మీద చూసిన కోటలు, నగరాలు అక్కడ లేవు. షూటింగ్ అవగానే దాదాపు అన్నీ పీకేశారు. పూర్తిగా మిగిలిన సెట్టు హాబిట్టన్ ఒక్కటే, అంటే కథలో హాబిట్లు అనే పొట్టి మనుషుల ఊరు. అదీ రెండోసారి కట్టింది. మా ఇంట్లో పిల్లలకు సెట్టు కావాలి, నాకు దాని వెనకాల కథ కావాలి. అందుకని రెండూ చూశాం.

హాబిట్టన్ ఆక్లాండ్ నుంచి కారులో రెండు గంటల దూరం, మటమాటా అనే చిన్న ఊరి దగ్గర. అసలది 1,250 ఎకరాల గొర్రెల పొలం. 1998లో సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ మనుషులు విమానంలో తిరుగుతూ, చెరువు గట్టున ఉన్న పెద్ద చెట్టును చూసి అక్కడే ఆగిపోయారు. రోడ్డు వేయడానికి న్యూజిలాండ్ సైన్యం వచ్చింది. మొదటి సెట్టులో చాలా భాగం ప్లైవుడ్, థర్మకోల్ లాంటి సరుకే. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత తీసిన హాబిట్ సినిమాల కోసం 2009 తర్వాత కలకాలం ఉండేలా కట్టినది.

టికెట్ మనిషికి వంద న్యూజిలాండ్ డాలర్లు దాటుతుంది. గైడు లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. ధర చూసి మా ఆవిడ మొహం మాడ్చింది కానీ, నిజానికి గైడు చెప్పే కబుర్లతోనే ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. బిల్బో అనే హాబిట్ ఇంటి మీదున్న ఓక్ చెట్టు ఉక్కు, సిలికాన్‌తో చేసింది. దాని రెండు లక్షల ఆకులు తైవాన్ నుంచి వచ్చాయి. వాటి రంగు జాక్సన్‌కు నచ్చకపోతే మనుషులు పైకెక్కి మళ్లీ రంగేశారట. పొలంలోని గొర్రెలు ఇంగ్లండ్ గొర్రెల్లా లేవని నల్లమొహం గొర్రెల్ని తెప్పించారట. చెరువులో కప్పల గోల ఎక్కువై డైలాగులు వినపడకపోతే, వాటిని పట్టి వేరే చోటికి తరలించారట! తలుపులు కూడా ఒకే సైజులో ఉండవు. మాంత్రికుడు గాండాల్ఫ్ పెద్దగా కనిపించాల్సిన చోట చిన్న తలుపు, హాబిట్లు మామూలుగా కనిపించాల్సిన చోట పెద్దది.

ఇబ్బంది ఏమిటంటే జనం. ఒక గుంపు వెనకే ఇంకో గుంపు. ఫొటోకు తలుపు దగ్గర నిలబడగానే వెనక క్యూ. పొద్దున్న మొదటి టూర్ తీసుకుంటే కాస్త నయం. సినిమాలో ఇళ్ల లోపలి సీన్లు వెల్లింగ్టన్ స్టూడియోలో తీశారు కాబట్టి ఇక్కడి తలుపుల వెనక చాలాకాలం ఏమీ ఉండేది కాదు. 2023 డిసెంబర్ నుంచి మాత్రం ఒక ఇంటి లోపలికి వెళ్లి చూడొచ్చు. పిల్లలు అక్కణ్ణుంచి కదల్లేదు.

బసకు మోటెల్ మేలు. అక్కడి మోటెళ్లలో చాలావరకు చిన్న వంటగది ఉంటుంది, అన్నం, పప్పు చేసుకోవచ్చు. మాకు దొరికిన ఒకదాంట్లో హీటర్ రాత్రంతా మొరాయించింది, ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. చెక్ఇన్ అప్పుడే హీటర్ వేసి చూసుకోండి. ఆవకాయ తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్ ఫారంలో తప్పకుండా రాయండి. తినే వస్తువు దాచితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

వెనకాల కథ కావాలంటే వెల్లింగ్టన్‌లో మిరమార్ వెళ్లాలి. సినిమాకు కవచాలు, ఆయుధాలు చేసిన వేటా వర్క్‌షాప్ అక్కడే ఉంది. దాని టూర్ హాబిట్టన్ కంటే చౌక, నా లెక్కలో దానికంటే మంచిది కూడా. ప్లాస్టిక్ పైపులు సన్నగా కోసి, కోటి పైచిలుకు రింగులు చేత్తో అల్లి సైనికుల కవచాలు చేశారు. ఆ పని చేసిన ఇద్దరికి వేలిముద్రలే అరిగిపోయాయని చెబుతారు. క్రికెట్ పిచ్చివాళ్లకు ఇంకో ముచ్చట: సినిమాలో ఉరుక్-హై అనే రాక్షస సైన్యం అరుపుల కోసం 2002లో వెల్లింగ్టన్ స్టేడియంలో, న్యూజిలాండ్–ఇంగ్లండ్ వన్డే విరామంలో జాక్సన్ మైదానంలోకి వచ్చి ప్రేక్షకుల చేత అరిపించి రికార్డు చేసుకున్నాడు.

ఊళ్లోనే ఉన్న మౌంట్ విక్టోరియాకు టికెట్ లేదు. హాబిట్లు నల్ల గుర్రపు రౌతు నుంచి దాక్కునే సీన్ తీసింది ఆ అడవి దారిలోనే. దానికోసం విడిగా వ్యాన్ టూర్ కట్టక్కర్లేదు. కథలోని ఎల్ఫ్‌ల ఊరు రివెండెల్‌ను తీసిన కైటోకే పార్కు కూడా ఉచితమే, కానీ ఒక తోరణం నమూనా తప్ప పెద్దగా చూసేదేమీ లేదు. టైం ఉంటేనే వెళ్లండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది దక్షిణ దీవిలోని మౌంట్ సండే. కథలో రోహన్ రాజ్యానికి రాజధాని అయిన ఎడోరాస్‌ను తీసిన గుట్ట అది. నెలల తరబడి కట్టిన సెట్టులో ఇప్పుడు ఒక్క మేకు కూడా లేదు. చుట్టూ మంచు కొండలు, కింద నది, నిలబడనివ్వని గాలి. టికెట్ లేదు, గైడు లేడు, అంగడి లేదు. చివరి దారి అంతా కంకర రోడ్డే, అద్దె కారు ఇన్సూరెన్స్ దానికి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. పెట్రోలు, తిండి, నీళ్లు ముందే మెత్‌వెన్ అనే ఊళ్లో చూసుకోండి. రాత్రి బస కూడా అక్కడే తేలిగ్గా దొరుకుతుంది.