కింద పడ్డ లెన్స్: బాగు చేయించాలా, అలాగే వాడాలా, కొత్తది కొనాలా?

పెళ్లి మండపంలో బ్యాగు జిప్పు సరిగా పడలేదు. నడుము ఎత్తు నుంచి నా 24-70 జూమ్ లెన్స్ జారి గ్రానైట్ నేలకు ముందువైపు తగిలింది. తీసి చూస్తే ఫిల్టర్ గాజు (లెన్స్ ముందు రక్షణగా బిగించేది) సాలెగూడులా పగిలి ఉంది. అలాంటప్పుడు చెయ్యి గుడ్డ కోసం వెతుకుతుంది. దయచేసి తుడవకండి. ఆ గాజు రజను లెన్స్ పూతను గీసేస్తుంది. ముందుభాగాన్ని కిందికి తిప్పి, మెల్లగా తట్టి, బ్లోయర్‌తో ఊది పెంకులు రాల్చాను. అసలు గాజుకు గీత కూడా పడలేదు.

కానీ పెద్ద దెబ్బ కంటికి కనిపించదు. లోపలి గాజుల్లో ఒక్కటి రవ్వంత పక్కకు జరిగినా ఫొటోలో ఒక మూల మసకబారుతుంది. దినపత్రిక పేజీలు గోడకు అంటించి, ట్రైపాడ్ మీద కెమెరాను ఎదురుగా నిలిపి ఎఫ్/2.8లో, అంటే వెలుతురు వచ్చే లెన్స్ ద్వారాన్ని బాగా తెరిచి, తీశాను. ఎడమవైపు పైమూలలో అక్షరాలు అలికినట్టు వచ్చాయి. కెమెరా ఒరిగిందేమో అన్న అనుమానంతో దాన్ని తలకిందులు చేసి మళ్లీ తీశాను. ఈసారి గోడ మీద కుడివైపు కిందిమూల మసకబారింది. మసక కెమెరాతో పాటే తిరిగింది కాబట్టి లోపం లెన్స్‌దే. గోడ మీద పాతచోటే ఉండిపోయి ఉంటే తప్పు నా అమరికది.

అలాగే వాడుకోవచ్చా? ద్వారాన్ని చిన్నది చేసి ఎఫ్/8కి వస్తే ఆ మసక చాలావరకు తగ్గింది. పగటిపూట ప్రకృతి దృశ్యాలు తీసేవారికి అది చాలు. రాత్రి పెళ్లిళ్లలో ఎఫ్/2.8 లేకుండా నాకు గడవదు. ఇక మౌంటు (లెన్స్‌ను కెమెరాకు బిగించే వలయం) వంగినా, జూమ్ రింగు గరగరమన్నా ఆ లెన్స్‌ను కెమెరాకు తగిలించనేవద్దు.

కొత్తది కొనడం 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి చవక లెన్స్‌కే మేలు. మరమ్మతు కూలీ దాని ధరకు దగ్గరగా వచ్చేస్తుంది. కెనాన్‌లో అయితే ప్లాస్టిక్ మౌంటు ఉన్న 1990 నాటి నమూనా కాకుండా, లోహపు మౌంటుతో 2015లో వచ్చిన ఎస్‌టీఎం అనే నమూనా తీసుకోండి. ఒకరు వాడిన లెన్స్ కొంటే డబ్బు ఇచ్చేముందే గోడ పరీక్ష చేయండి.

ఖరీదైన జూమ్‌కు మాత్రం నా ఓటు మరమ్మతుకే, అంచనా ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటనంతవరకు. నొక్కుకుపోయిన ఫిల్టర్ అంచును సరిచేయడానికి ఊళ్లో మంచి మెకానిక్ చాలు. గాజుల వరుస తప్పినప్పుడు దాన్ని కొలిచి సరిచేసే పరికరాలు ఉన్నచోటికే పంపాలి. ఆ పరికరాలు లేకుండా విప్పితే ఒక మూల లోపం నాలుగు మూలలకూ పాకవచ్చు.

నాది కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపాను. తిరిగి వచ్చిన రోజే అదే గోడ, అదే పత్రిక, అదే ఎఫ్/2.8. ఎడమవైపు పైమూలలో చిన్న ప్రకటనల ఫోన్ నంబర్లు చదవగలిగాను.