స్టెంట్ తర్వాత నాన్నకు ఎకో తీయించిన క్లినిక్ ఎలా ఉందంటే

నాన్నకు గుండెపోటు వచ్చి ఎల్‌ఏడీలో (గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే నాళం) స్టెంట్ వేశారు, మూడు నెలలకు మళ్ళీ టూడీ ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించమన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక కార్డియాలజిస్టు గారి చిన్న క్లినిక్‌లో తీయించాం. ఆ వీధుల్లో ఏ గేటులోకి వెళ్ళాలో తేల్చుకోలేని వాళ్ళ కోసం రాస్తున్నాను.

అన్నిటికన్నా నచ్చింది, ఆయన ప్రోబ్ పట్టుకునే ముందే పాత ఎకో రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ అడిగి చదవడం. గుండెపోటప్పుడు ఈఎఫ్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే వంతు) 38 శాతం, గుండె ముందు గోడ, కొన భాగం సరిగా కదలట్లేదని అందులో ఉంది. నాన్నని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి సరిగ్గా ఆ భాగాలనే మళ్ళీ మళ్ళీ చూశారు, రెండు కోణాల్లో గుండె గది లోపలి అంచు గీసి లెక్క కట్టారు, ఈఎఫ్ 48 వచ్చింది. ముందు గోడ పుంజుకుంది, కొన దగ్గర కదలిక ఇంకా మందకొడిగానే ఉంది అని స్క్రీన్ మీద నాన్నకే చూపించారు. రక్తం అందనప్పుడు కండలో కొంత చచ్చిపోతుందట, కొంత బతికే ఉండి మొద్దుబారుతుందట, ఆ మొద్దుబారినది స్టెంట్ పడ్డాక వారాల్లో, నెలల్లో తేరుకుంటుంది. ఈఎఫ్ 35 లోపు ఉన్నవాళ్ళకి ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టాలా వద్దా అన్నది కూడా మామూలుగా ఇలా మూడు నెలలు మందులు వాడి, మళ్ళీ ఎకో చూశాకే తేలుస్తారు.

దీనికి ముందు ఇంటి దగ్గర ఒక ల్యాబ్‌లో తీయించాం. పాత కాగితం అడగలేదు, గోడల గురించి ఒక్క ముక్క రాయలేదు, ఈఎఫ్ 60, నార్మల్ అని ఇచ్చేశారు. అది చూసి నాన్న మాత్రలు ఇక మానేయొచ్చు కదా అన్నారు, నాకు ఎంత టెన్షన్ పట్టుకుందో చెప్పలేను. చూసే మనిషి మారితే ఈఎఫ్ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, అది మామూలే, కానీ గోడల కదలిక రాయకుండా ఇచ్చే అంకెతో గుండె తేరుకుందో లేదో ఎలా తెలుస్తుంది? స్టెంట్ లోపల మళ్ళీ పూడుకుందా అన్నది ఎకోలో నేరుగా కనిపించదని, ఛాతీలో నొప్పి వస్తే రిపోర్టు బాగుంది కదా అని ఇంట్లో కూర్చోవద్దని, రక్తం పలచబడే మాత్రలు చెప్పకుండా ఆపొద్దని ఈ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆయన చెప్పాక నాన్న మాత్రల మాట మళ్ళీ ఎత్తలేదు.

బాగోనివీ ఉన్నాయి. ఇచ్చిన టైముకి పిలవరు, చాలాసేపు కూర్చోవాలి, కుర్చీలు చాలవు. ఫోన్‌లో రిసెప్షన్ అమ్మాయి పరగడుపున రమ్మంది, ఛాతీ మీంచి చేసే మామూలు ఎకోకి ఆ అవసరమే లేదు, షుగర్ ఉన్న మనిషి అంతసేపు ఏమీ తినకుండా కూర్చున్నారు, ఇది వాళ్ళు వెంటనే మార్చుకోవాలి. స్ట్రెయిన్ (గుండె కండ ఎంత ముడుచుకుంటుందో చెప్పే లెక్క) కొలిచే సదుపాయం వాళ్ళ మెషీన్‌లో లేదు, మీ డాక్టరు అది రాసిస్తే ఇక్కడ కుదరదు.

ఎకో వీడియోలు సీడీలో కావాలంటే పరీక్షకి ముందే చెప్పండి, అడిగితేనే ఇస్తారు. తర్వాతి ఎకో కూడా ఇదే మెషీన్ మీద, ఈయన దగ్గరే తీయిస్తాం.