గండికోట: లోయకు గంట, ఊరికి ఒక పూట

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు. బస్సు టైమింగులను నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. ఆటో మేలు, కాకపోతే రానూ పోనూ రేటు ముందే మాట్లాడుకోవాలి. డబ్బులు, పెట్రోలు, మందులు కూడా జమ్మలమడుగులోనే చూసుకోండి. పొద్దున్నే చేరితే అక్కడే ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరండి.

అందరూ వచ్చేది పెన్న లోయ కోసం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన నది, అంచుల్లో పేర్చి పెట్టినట్టున్న ఎర్రబండలు, వాటి మీద పొద్దుటి ఎండ. బాగుంటుంది, కాదనను. అంచున కంచె లేదు కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి. సెల్ఫీల రద్దీ చూస్తే నాకైతే పెద్దవాళ్ల గురించే ఎక్కువ టెన్షన్. అయితే ఫొటోలు దిగి గంటలో వెనక్కి మళ్లేవాళ్లు అసలుది వదిలేసి పోతున్నట్టే. నా దృష్టిలో ఇక్కడ చూడాల్సింది పాడుబడిన ఊరు.

విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఏలిన చోటిది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, కర్ణాటక రాజ్యంలోని గట్టి పట్టణాల్లో ఇదొకటని రాశాడు. ఫిరంగులు పోత పోయడానికి మీర్ జుమ్లా గుళ్లలోని విగ్రహాలను తెప్పించి కరిగించిన సంగతి కూడా తవెర్నియే రాతల్లోనే ఉంది. అది గుర్తుపెట్టుకుని మాధవరాయస్వామి గుడిలోకి వెళ్లండి. గోపురం నిలబడే ఉంది, స్తంభాల మీద శిల్పాలూ ఉన్నాయి, గర్భగుడి మాత్రం ఖాళీ. జామియా మసీదు, దాని దగ్గరే పెద్ద ధాన్యాగారం. ముట్టడి పడితే లోపలి జనానికి తిండి ఎలాగన్న ప్రశ్నకు జవాబు ఆ ధాన్యాగారం, రాయల చెరువు. వీటిని చూశాకే ఇది కోట ఒక్కటే కాదు, జనం కాపురమున్న పట్టణమని అర్థమవుతుంది.

తర్వాత కడప నవాబులు, మైసూరు వాళ్లు వచ్చారు. 1791లో ఇంగ్లీషు సేన పట్టుకుంది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి పోయాక కొండ మీద కోటతో ఎవరికీ పనిలేకపోయింది. కొలువు లేనిచోట అంగడి మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇప్పుడు గోడల మధ్య ఒక చిన్న పల్లె మిగిలింది.

బసకు టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. కోట దగ్గరే కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అదే నయం. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. మేము సరదాపడి ఒక ప్రైవేటు టెంటులో దిగాం. రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు, పొద్దున బాత్రూం దగ్గర క్యూ. పెట్టిన డబ్బుకు అది దండగ. తిండి మాత్రం పల్లెలో ఒకరింట్లో చెప్పి చేయించుకున్నాం. సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల పచ్చడి. ట్రిప్పు మొత్తంలో పూర్తిగా గిట్టుబాటైన ఖర్చు అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో చాలామంది బెలూం గుహలు కూడా అదే రోజు కలిపేస్తారు. నేను వద్దంటాను, రెండూ సగం సగమే అవుతాయి. దానికి బదులు ముద్దనూరు నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకుని కొండాపురం వైపు వెళ్లండి. గండికోట పేరుతో కట్టిన జలాశయం 26.85 టీఎంసీలది. దాని ముంపు కోసం 2020లో అటువైపున్న తాళ్ళప్రొద్దుటూరు అనే ఊరిని ఖాళీ చేయించారు. "కోట జూసేకి అంతమంది వస్తారు, మా ఊరు జూసేకి ఎవరొస్తార్నా?" అన్నాడు ఆటో ఆయన. అక్కడ టికెట్టూ లేదు, బోర్డూ లేదు. నీళ్ల దాకా దిగకండి, రోడ్డు మీద నుంచే చూడొచ్చు. అరగంట చాలు.