'ఎవ్రీ బ్రెత్ యు టేక్': ముప్పై ఏళ్లు విన్నాక

1992లో విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపు ఉండేది. పాటల పేర్లు చీటీ మీద రాసిస్తే కేసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లు. మా అన్నయ్య రాసిచ్చినవి అయిపోయి చివర్లో కాస్త రీలు మిగిలితే, షాపతను తనకిష్టమైన పాట ఒకటి ఎక్కించాడు. అదే ది పోలీస్ బ్యాండ్ వాళ్ల 'ఎవ్రీ బ్రెత్ యు టేక్'. ఆ రీలు రెండుసార్లు తెగితే అతికించుకుని విన్నాం. తర్వాత సీడీ, ఇప్పుడు ఫోను.

చాలా ఏళ్లు దీన్ని ప్రేమ పాటే అనుకున్నాను. 2003లో ఏలూరు రోడ్డులో స్నేహితుడి రిసెప్షన్‌లో గిటార్ మీద వాయించాను కూడా. ఇంటికొచ్చాక అన్నయ్య అన్నాడు: "మాటలు సరిగ్గా విను రా. వాడు ఆ అమ్మాయిని ప్రేమించట్లేదు, కాపలా కాస్తున్నాడు." ఆ రాత్రి మళ్లీ విన్నాను. నిజమే. బ్యాండ్ గాయకుడు స్టింగ్ దీన్ని 1982లో, మొదటి పెళ్లి చెదిరిపోతున్న రోజుల్లో, జమైకాలోని గోల్డెన్‌ఐలో రాశాడు. ఇయాన్ ఫ్లెమింగ్ జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఇల్లది. అసూయ, నిఘా, గుప్పిట్లో పెట్టుకోవాలన్న పట్టుదల గురించే ఈ పాట అని స్టింగే తర్వాత చెప్పాడు. అప్పటి నుంచి పెళ్లిళ్లలో ఎవరడిగినా వాయించను.

1983 మేలో సింగిల్ వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో 8 వారాలు, బ్రిటన్‌లో 4 వారాలు మొదటి స్థానం. ఆ ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ లెక్కలో నంబర్ వన్ పాట ఇదే. 1984లో 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ కూడా వచ్చింది.

ఇంత హిట్టుకి కారణం నా చెవికి ఒక్కటే, ఆండీ సమ్మర్స్ గిటార్. స్టింగ్ మొదట చేసిన డెమోలో (నమూనా రికార్డింగ్‌లో) ఆర్గన్ నిండుగా ఉండేది. మాంట్‌సెరాట్ దీవిలో రికార్డింగ్‌కి వచ్చేసరికి అది పోయి, సమ్మర్స్ ఒక్కో తీగా విడివిడిగా మీటే ఆ వరస వచ్చింది. హంగేరీ స్వరకర్త బార్టోక్ వయొలిన్ డ్యూయెట్లు సాధన చేసిన చెయ్యి అది. మొదటి కార్డ్‌కే (స్వరాల గుంపుకే) వేళ్లు ఐదు, ఏడు, తొమ్మిది ఫ్రెట్ల మీదికి, అంటే గిటార్ మెడ మీది మెట్ల మీదికి సాగాలి. అరచేతి అంచుతో తీగల్ని కాస్త నొక్కి పెట్టి మీటాలి, లేకపోతే మోత ఎక్కువై ఆ గుబులు పోతుంది. స్టూవర్ట్ కోప్‌లాండ్ డ్రమ్స్ కూడా ఎక్కడా ఎగిరిపడవు. పాటలో అంత ఖాళీ ఉంది కాబట్టే ఇన్నేళ్లయినా మొహం మొత్తలేదు. హెడ్‌ఫోన్స్‌తో, కాస్త తక్కువ సౌండ్‌లో వినండి.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడదు. రచయితగా పేరు స్టింగ్‌ది ఒక్కడిదే. 1997లో అమెరికన్ ర్యాపర్ పఫ్ డాడీ 'ఐల్ బీ మిస్సింగ్ యు' కోసం ఈ గిటార్ వరసనే వాడుకున్నాడు, అదీ నంబర్ వన్ అయింది. అందులోనూ రచయితల్లో సమ్మర్స్ పేరు లేదు. వేళ్లు నొప్పెట్టేలా ఆ వరస నేర్చుకున్న ఎవరికైనా ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి నేర్చుకుంటోంది. పాటెవరు రాశారో చెప్పే ముందు గిటార్ ఎవరు వాయించారో చెప్పాను. దాని చిటికెన వేలు తొమ్మిదో ఫ్రెట్ దాకా ఇంకా అందట్లేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట ఆ ఒక్క కార్డ్ మీదే కూర్చుంటున్నాం.