పెద్దల డే కేర్, ఎంవీపీ కాలనీ, విశాఖ: బల్ల దగ్గర బాగుంది, హాల్లోనే గోల

ఇక్కడ బల్లకు నలుగురినే కూర్చోబెడతారు, అదే అసలు బలం. ఎదుటి మనిషి ముఖం చూస్తూ వినాలి, పాత సంగతి గుర్తు తెచ్చుకోవాలి, వెంటనే జవాబివ్వాలి. టీవీ ముందు మెదడుకు ఈ పని పడదు. వామనగుంటల్లో చింతపిక్కలు ఒక్కో గుంటలో వేస్తూ, చెయ్యి ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కేస్తారు చూడండి, అంత శ్రద్ధ!

డిమెన్షియాకు, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బుకు, మార్చుకోగల 14 ముప్పు కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం) చెప్పింది. నలుగురికీ దూరమవడం, వినికిడి లోపం రెండూ అందులో ఉన్నాయి. వినికిడి లోపం నలుగురికీ దూరమవడానికి దారి తీస్తుంది కూడా.

ఈ డే కేర్ లోపమూ వినికిడి దగ్గరే. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, మూల టీవీ. హియరింగ్ ఎయిడ్ ఆ రొదనీ పెంచుతుంది. మాట అందక పెద్దవాళ్లు ఊరికే తలూపుతారు, మెల్లగా రావడం మానేస్తారు. టీవీ కట్టేయమనండి. గోడ వారగా, మాట్లాడేవారి ముఖంపై వెలుతురు పడే చోట కుర్చీ అడగండి.

విశాఖ తేమకు హియరింగ్ ఎయిడ్ త్వరగా పాడవుతుంది. రాత్రి బ్యాటరీ తీసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి.

వారానికి రెండు రోజులైనా సరే, అవే రోజులు పంపండి. అప్పుడే బల్ల దగ్గర తెలిసిన ముఖాలు దొరుకుతాయి.