జూలైలో ఎడారి ప్రయాణం: డెత్ వ్యాలీయా, జియాన్-బ్రైసా, పేజా?

లాస్ వెగాస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, మూడు రాత్రుల్లో ఎడారి చూసి రావాలి. నెల చూస్తే జూలై. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలో, అత్తామామలో వెంట ఉంటారు. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో వేసవి సెలవులు దగ్గరపడగానే మొదలయ్యే చర్చ ఇది. చాలామంది మ్యాప్ తెరిచి, ఏది దగ్గరైతే దానికి ఓటేస్తారు. వెగాస్ నుంచి కారులో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ రెండు గంటలు, యుటాలోని జియాన్ పార్కు రెండున్నర, అక్కడిదే బ్రైస్ పార్కు నాలుగు, అరిజోనాలోని పేజ్ ఊరు నాలుగున్నర. అలా చూస్తే డెత్ వ్యాలీయే గెలుస్తుంది. వేసవిలో మాత్రం నేను దూరం కంటే ముందు ఎత్తు చూస్తాను. వెయ్యి అడుగులు పైకి ఎక్కితే వేడి సుమారు మూడు నుంచి అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగులు కింద ఉంది. జియాన్ లోయ అడుగున నాలుగు వేల అడుగులు, పేజ్ ఊరు అంతకంటే కాస్త పైన. బ్రైస్ అంచు ఎనిమిది వేలు దాటుతుంది. ఒకే రోజు, ఒకే మధ్యాహ్నం బ్యాడ్‌వాటర్‌లో 117 డిగ్రీలుంటే బ్రైస్‌లో 80 ఉండవచ్చు.

డెత్ వ్యాలీ సంగతి ముందు తేల్చేద్దాం, పేరు విని ఉత్సాహపడేవాళ్ళు ఎక్కువ కాబట్టి. 1913 జూలై 10న ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీలు, అంటే 56.7 సెల్సియస్, ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా లెక్క. జూలైలో రోజూ సగటున 47 సెల్సియస్ చేరుతుంది. "రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, రామగుండంలో పెరిగినవాళ్ళం, ఇదో లెక్కా" అని మనవాళ్ళు అంటుంటారు. ఆ ధీమా ఇక్కడ పనికిరాదని నా గట్టి నమ్మకం. మన దగ్గర అంత ఎండలో ఎవరూ నడవరు. పదకొండు దాటితే తలుపులు మూసుకుని ఇంట్లో ఉంటారు, తప్పక బయటికి వెళ్తే చెట్టు నీడో, షాపు అరుగో దొరుకుతుంది. ఇక్కడ మైళ్ళ తరబడి చెట్టు కనబడదు. పైగా గాలి పొడిగా ఉండడం వల్ల పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్ళు తడవదు, ఉక్కపోత ఉండదు, ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. తల తిరిగేసరికి ఆలస్యమైపోతుంది. సన్నటి లోతు లోయ, రెండు వైపులా ఎత్తయిన కొండలు. పైకి లేచిన వేడిగాలి దాటిపోలేక మళ్ళీ కిందికే దిగుతుంది, దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. అందుకే రాత్రి కూడా చల్లబడదు.

వేసవిలో పల్లపు ప్రాంతాల్లో పొద్దున పది దాటాక నడక వద్దని పార్కు వాళ్ళే చెబుతారు. ఎండ మరీ తీవ్రమైన రోజుల్లో గాలి పలచబడి అంబులెన్స్ హెలికాప్టర్లు ఎగరలేవు. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. అరవై దాటినవాళ్ళు బీపీకి నీళ్ళ మాత్రలు (ఒంట్లోని నీటిని మూత్రంగా పంపేవి) వేసుకుంటుంటే శరీరం మరింత త్వరగా ఎండిపోతుంది. ఇన్సులిన్ సీసాను కారులో వదిలితే అది పాడైనట్టే. ఏ ఎడారికైనా బయల్దేరే ముందు ఈ మందుల సంగతి డాక్టర్‌ని అడగండి. డెత్ వ్యాలీకి మాత్రం జూలైలో పెద్దవాళ్ళను తీసుకువెళ్ళకండి.

అలాగని ఆ చోటుకు అందం లేదనను. జబ్రిస్కీ పాయింట్ దగ్గర తెల్లవారుతుంటే ఆ పసుపు మట్టి మడతలు చూసి తీరాలి. కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురే అయితే చీకటితో బయల్దేరండి. దారిలో పరంప్ ఊళ్ళో కారుకు గ్యాస్ నింపుకోండి, లోపల బంకులు తక్కువ, ధర ఎక్కువ. జబ్రిస్కీ చూసి, బ్యాడ్‌వాటర్‌లో పది నిమిషాలు నిలబడి, అక్కడి నుంచి డాంటేస్ వ్యూకి ఎక్కేయండి. అది 5,475 అడుగుల ఎత్తు. కింద నిలబడ్డ ఆ తెల్లటి ఉప్పునేలే పై నుంచి మొత్తంగా కనిపిస్తుంది, గాలీ చల్లగా ఉంటుంది. తొమ్మిదిన్నరకల్లా తిరుగు దారి పట్టాలి. నింపాదిగా చూడాలంటే డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో రండి, అప్పుడు అదే లోయ హాయిగా ఉంటుంది.

ఇక పేజ్. అరిజోనాలో యాంటిలోప్ కాన్యన్ అనే సన్నటి రాతి లోయ, హార్స్‌షూ బెండ్ అనే నది మలుపు ఉన్న ఊరు. ఫొటోలు చూసి మనసు పారేసుకోని వాళ్ళుండరు, నిజంగానూ అంత బాగుంటుంది. యాంటిలోప్ నవాహో తెగవారి భూమి. గైడ్ లేకుండా లోపలికి పంపరు, నేషనల్ పార్కుల పాస్ చెల్లదు, టికెట్ ముందుగానే కొనాలి. ఆ లోయ లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. లోయర్ కాన్యన్‌లో నిటారుగా ఇనుప నిచ్చెనలున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కుదరదు. అప్పర్‌లో నడక సులువు, వేసవి మధ్యాహ్నాల్లో వెలుగు చార పైనుంచి నిలువునా పడేదీ అక్కడే. హార్స్‌షూ బెండ్‌కు రానూపోనూ ఒకటిన్నర మైళ్ళు, నీడ బహుతక్కువ. పొద్దున్నే ముగించాలి.

ఈ ఊరిని నేను రెండో స్థానంలో పెట్టడానికి కారణం వాన. జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వానాకాలం. 1997 ఆగస్టు 12న యాంటిలోప్‌లో పదకొండు మంది వరదకు చనిపోయారు. వాళ్ళ నెత్తిన పెద్ద వానేమీ లేదు. మైళ్ళ దూరంలో కురిసిన నీరు ఆ సన్నటి సందులోకి గోడలా వచ్చింది. ఇప్పుడు హెచ్చరికలున్నాయి, అనుమానం వస్తే టూర్లు ఆపేస్తారు. ఆపడం మంచిదే, కానీ మూడు రాత్రుల ప్రయాణంలో నాలుగున్నర గంటలు నడిపి వెళ్ళాక ఆ ఒక్కటీ రద్దయితే చేతిలో మిగిలేది తక్కువ. మరో చిక్కు గడియారం. వేసవిలో అరిజోనా గడియారం మారదు, యుటాలో గంట ముందుంటుంది, నవాహో భూమి యుటాతో నడుస్తుంది. పేజ్ ఊరు మాత్రం అరిజోనా సమయమే పాటిస్తుంది. కొండల మధ్య ఫోన్ చూపే సమయాన్ని నమ్మి టూరు పోగొట్టుకోకండి.

నా ఓటు జియాన్-బ్రైస్‌కే. ముఖ్యంగా బ్రైస్‌కు. జియాన్‌కు దారే సగం ప్రయాణం. ఐ-15 హైవే మీద వర్జిన్ నది కొండను కోసిన ఇరుకులోంచి రోడ్డు వెళ్తుంది. వేసవిలో లోయ లోపలికి సొంత కార్లు పోనివ్వరు, ఉచిత బస్సులెక్కాలి. ఇది ఇబ్బంది అనుకుంటారు గానీ పెద్దవాళ్ళకు ఇదే సుఖం. నచ్చిన చోట దిగుతారు, అలసిపోతే తర్వాతి బస్సెక్కుతారు. బస్సు చివరి స్టాపు నుంచి నది పక్కన సాగే రివర్‌సైడ్ వాక్ చదునైన బాట, రానూపోనూ రెండు మైళ్ళ పైచిలుకు, ఎత్తైన గోడల నీడ. మోకాళ్ళతో బాధపడే మా అత్తగారు కర్ర సాయంతో హాయిగా నడిచారు. ఆ బాట చివర నుంచి నదిలోకి దిగి నడిచేది నారోస్. వరద సూచన లేని రోజే దిగాలి. నీళ్ళలో విషపు నాచు గురించి హెచ్చరికలున్నాయి, పిల్లల్ని మునకలేయనివ్వకండి. ఏంజెల్స్ ల్యాండింగ్ అనే నిటారు కొండదారికి 2022 నుంచి పర్మిట్ కావాలి, కుటుంబంతో వచ్చినవాళ్ళు దాన్ని వదిలేయడమే మంచిది. జియాన్‌లోనూ మధ్యాహ్నం వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతుంది. అందుకే అక్కడ ఒక్క ఉదయమే ఉంచమంటాను.

మధ్యాహ్నం 1930లో తెరిచిన మైలు పొడవు సొరంగం దాటి తూర్పుకు వెళ్తే రెండు గంటల్లో బ్రైస్. ఎక్కుతున్నకొద్దీ కారులో కనబడే వేడి అంకె దిగుతూ ఉంటుంది, సన్నటి ముళ్ళపొదలు పోయి పైన్ చెట్లు వస్తాయి. అంచున నిలబడి కిందికి చూస్తే హూడూలనే రాతి స్తంభాలు వేలకొద్దీ, నారింజ, గులాబి, తెలుపు రంగుల్లో, మన గుళ్ళ గోపురాలన్నీ ఒకచోట చేర్చినట్టు ఉంటాయి. ఏడాదిలో దాదాపు సగం రోజులు రాత్రి నీరు గడ్డకట్టి పగలు కరుగుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి రాతి పగుళ్ళను విడదీస్తుంది. అలా తయారైనవే ఇవి. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అర మైలు చదునైన బాటలో అమ్మానాన్న బెంచీల మీద ఆగుతూ నడవచ్చు. ఆ సమయంలో కుర్రవాళ్ళు కిందికి దిగి క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ కలిపి మూడు మైళ్ళు తిరిగి రావచ్చు. ఎడారిని అందరూ కలిసి చూసే వీలు మూడింటిలో ఇక్కడే ఎక్కువ.

లోపాలూ ఉన్నాయి. ఎత్తు వల్ల ఆయాసం వస్తుంది, గుండె జబ్బున్నవాళ్ళు జాగ్రత్తపడాలి. మధ్యాహ్నం పిడుగుల భయం ఉంది, ఉరిమితే అంచు వదిలి కారెక్కాలి. రాత్రి పది సెల్సియస్ లోపుకు దిగవచ్చు, స్వెట్టర్లు తప్పనిసరి. శాకాహారులకు తిండి అంతంతమాత్రం. దారిలో వచ్చే సెయింట్ జార్జ్ ఊళ్ళోని పెద్ద దుకాణాల్లో పెరుగు, నీళ్ళు, ఐస్ కొనుక్కోండి. పులిహోర, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు కూలర్‌లో ఉంటే దిగులుండదు.

ఖర్చు విషయంలో కొత్త సంగతి ఒకటుంది. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివారికి పదకొండు పార్కుల్లో మామూలు రుసుము పైన మనిషికి 100 డాలర్లు అదనం. జియాన్, బ్రైస్ ఆ జాబితాలో ఉన్నాయి, డెత్ వ్యాలీ లేదు. వార్షిక పాస్ నివాసులకు 80 డాలర్లు, బయటివారికి 250. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకు ఏది వర్తిస్తుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బయల్దేరండి. ఖర్చు పెరిగినా నా ఓటు మారదు.

మొదటి రాత్రి జియాన్ గుమ్మంలోని స్ప్రింగ్‌డేల్‌లో, తర్వాతి రెండూ బ్రైస్ పక్కన గదులు తీసుకోండి. జియాన్‌లో పొద్దున మొదటి బస్సులు పట్టుకోండి, ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదు. ఆఖరి రోజు టిఫిన్ చేసి తాపీగా బయల్దేరినా సాయంత్రం విమానం అందుతుంది, యుటా దాటగానే గంట కలిసొస్తుంది.